ఇద్దరు పున్నయ్యలు

మొన్న నగరం నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. అంగన్‌వాడీ టీచరుగా కొత్తగా చేరింది. కడుపుతో ఉంది, నెలలు దగ్గర పడ్డాయి. మజ్జిగ తాగి, ఫ్యాను కింద సర్దుకుని కూర్చున్నాక వచ్చిన పని చెప్పింది. పుట్టబోయే బిడ్డ పేరు గురించి ఇంట్లో పెద్ద చర్చ నడుస్తోందట. అత్తగారిది ఒక మాట, భర్తది ఇంకో మాట. తెనాలిలో పేర్ల అక్షరాలు లెక్కగట్టే ఒకాయన ఈ పేరు పెడితే మొండితనం వస్తుంది, ఆ పేరు పెడితే నెమ్మది వస్తుంది అని చెప్పి పంపాడట.

"మీరు ఇంతమంది పిల్లల్ని చూశారు గదండీ. పేరును బట్టి గుణం వస్తుందా?" అని అడిగింది.

వస్తుందన్నా అబద్ధమే, రాదన్నా అబద్ధమే అనిపించింది. కూర్చుని రాసి ఇస్తానమ్మా అన్నాను. ఆ రాసిందే ఇది. తనలాగా ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మిగతా అమ్మాయిలు చదువుకున్నా సంతోషమే. జీతాల గురించి, సమ్మెల గురించి, ఫోనులో ఫొటోలు ఎక్కించడం గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి మీకు నాకంటే బాగా తెలుసు.

పిలవడమే పని

అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు, బరువు చూడటం అని ఊళ్ళో అనుకుంటారు. అవన్నీ చెయ్యాల్సిందే. కానీ ఇన్నేళ్ళ పని తర్వాత నాకు మిగిలిన సంగతి ఒకటుంది. పొద్దున పిల్లవాడు గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూస్తుంటాడు. అప్పుడు వాడి పేరు మీ నోట్లోంచి ఎలా వస్తుందో దాన్ని బట్టే ఆ రోజు నడుస్తుంది. మీరు విసుగ్గా పిలిస్తే వాడు విసుగ్గానే లోపలికి వస్తాడు. పాటలు, బొమ్మలు, అక్షరాలు అన్నీ ఆ తర్వాతే.

ఇది నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. మా నాన్న దగ్గర తెలియకుండానే నేర్చుకున్నాను. బాపట్ల దగ్గర పల్లెలో ఆయన ఉపదేశి. లూథరన్ గుడిలో అయ్యగారు రాని ఆదివారాల్లో ప్రార్థన నడిపేవారు. నాకు చిన్నప్పుడు ఆయాసం ఎక్కువ. బడిదాకా నడిస్తే రొప్పు వచ్చేది. అందుకని నాన్నే ఇంటి వరండాలో చదువు చెప్పి, పదో తరగతి ప్రైవేటుగా రాయించారు. నా పేరు స్తోత్రమ్మ. రోజూ సాయంత్రం పుస్తకం మూయించి, "ఇవాళ దేనికి స్తోత్రం చెబుదాం స్తోత్రమ్మా?" అని అడిగేవారు. ఏదో ఒకటి వెతికి చెప్పాలి. వాన పడిందనో, ఆయాసం రాలేదనో, పక్కింటి వాళ్ళు చేపల పులుసు పంపారనో. చెప్పేదాకా దీపం దగ్గర నుంచి లేవనిచ్చేవారు కాదు.

అందరూ నన్ను, దీనికి అన్నీ దేవుడి దయలాగే కనపడతాయి, పేరుకు తగ్గ మనిషి అంటారు. అది పేరు చేసిన పనో, ఆ పేరును ఆ ప్రశ్నతో కలిపి పిలిచిన మనిషి చేసిన పనో మీరే చెప్పండి.

పెంటమ్మ

నేను మొదట పనిచేసింది నిజాంపట్నం దగ్గర ఒక జాలరి పల్లెలో. అక్కడ నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో పెంటమ్మ అని ఒక పాప ఉండేది. మీలో పట్నం నుంచి వచ్చిన వాళ్ళకు ఈ పేరు వింటే నవ్వో బాధో కలుగుతుంది. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే తర్వాత పుట్టిన బిడ్డను చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పొరుగింటావిడ ఆ బిడ్డను ఎత్తి తెచ్చి, నాకు దొరికింది, పెంచుకుంటావా అని తల్లి చేతికే ఇస్తుంది. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అని అనిపించుకుంటే ఆయుష్షు నిలుస్తుందని వాళ్ళ నమ్మకం.

అప్పటి మా ఆఫీసరు మంచి మనిషి. తుపాను వచ్చినా పిల్లలకు తిండి ఆగకూడదని మోకాటి లోతు నీళ్ళలో నడిచి వచ్చేవారు. కానీ ఆ పేరు వినగానే ఆయనకు కష్టం కలిగింది. ఇలాంటి పేరుతో పెరిగితే పిల్లకు తన మీద తనకు గౌరవం ఉంటుందా, ఏదైనా మంచి పేరు రాయండి అన్నారు. నాకూ సబబే అనిపించి, ఎండు చేపలు తిరగేస్తున్న వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆమె చెయ్యి ఆపకుండానే చెప్పింది.

"ముందు పుట్టినోళ్ళకి మంచి పేర్లే పెట్టానమ్మా. పిలవడానికి ఆ పేర్లున్నయ్, పిల్లల్లేరు."

ఆ మాట ఆఫీసరుగారికి చెప్పాను. తర్వాతి సారి వచ్చినప్పుడు గుమ్మంలోంచే "మా పెంటమ్మ వచ్చిందా?" అని అడుగుతూ లోపలికి వచ్చారు. తన మాట తానే ఇంత తేలిగ్గా వెనక్కి తీసుకున్న అధికారులు నాకు అరుదుగా కనపడ్డారు. దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి.

ఆ పెంటమ్మ ఇప్పుడు హార్బరులో చేపల వేలం దగ్గర ఉంటుంది. ఆమె గొంతు లేచిందంటే మగవాళ్ళు కూడా మాట ఆపి వింటారు. గౌరవానికి ఏ లోటూ లేదు. వాళ్ళమ్మ ఆ పేరు పిలిచినప్పుడు అందులో పెంట అనే మాట నాకెప్పుడూ వినపడలేదు. నా బిడ్డ బతికింది అని మాత్రం వినపడేది.

ఇద్దరు ఒకే పేరుతో వచ్చారు

పెళ్ళయి రేపల్లె వైపు వచ్చాక మెట్టినూళ్ళోనే నాకు కేంద్రం దొరికింది. ఉద్యోగం అయిపోయేదాకా అక్కడే ఉన్నాను. ఈ ఇద్దరు పిల్లలు వచ్చింది నా చివరి ఏళ్ళలో.

ఊళ్ళో పున్నయ్యగారని ఒక రైతు ఉండేవారు. కాలవగట్టు మీద ఇల్లు. మాట మీద నిలబడే మనిషి, కానీ కోపం మాత్రం ముక్కు మీదే. ఆయన పోయేటప్పటికి కోడలు తులసి, కూతురు సుభద్ర ఇద్దరూ కడుపుతో ఉన్నారు. కూతురిని ఊళ్ళోనే రైసుమిల్లు వాళ్ళకిచ్చారు. ఇద్దరికీ మగపిల్లలే పుట్టారు. తాత పేరు మాకంటే మాకని రెండిళ్ళూ పట్టుబట్టాయి. ఎవరూ తగ్గలేదు. చివరికి ఇద్దరికీ పున్నయ్య అనే పెట్టారు. ఈ రోజుల్లో ఆ పేరు పెట్టుకునే పిల్లలు వెతికినా దొరకరు. నా కేంద్రంలో మాత్రం ఇద్దరు, ఒకే చాప మీద.

మా ఆయా వాళ్ళను పెద్ద పున్నయ్య, చిన్న పున్నయ్య అని పిలిచి చూసింది. చిన్న అనిపించుకోవడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు. ఇక కాలవగట్టు పున్నయ్య, రైసుమిల్లు పున్నయ్య అని ఇళ్ళను బట్టి స్థిరపరిచాం.

రైసుమిల్లు వాడు మెత్తన. ఏ పిల్లవాడైనా పడితే వాడే ముందు పరిగెత్తి, మోకాలు పట్టుకుని ఉఫ్ అని ఊదేవాడు. కాలవగట్టు వాడు వేరు. రాగానే చాప మీద కూర్చునేవాడు కాదు, ఎవరో కుర్చీ వేస్తారన్నట్టు నిలబడి చూసేవాడు. పక్కవాడి బొమ్మ కావాలంటే అడగడం లేదు, లాక్కోవడమే. అన్నం నచ్చకపోతే పళ్ళెం ఎత్తి విసిరేవాడు. ఒకసారి ఆ పళ్ళెం అంచు తగిలి ఒక పాప కనుబొమ చిట్లింది.

ఊళ్ళో వాళ్ళు కాలవగట్టు వాణ్ణి చూసి, ఏం చేస్తాడు పాపం, పేరు అట్టాంటిది అనేవారు. రైసుమిల్లు వాణ్ణి చూసినా, అంతేగా మరి, పేరు అట్టాంటిది అనేవారు. ఒక పేరు రెండు గుణాలు ఎలా ఇచ్చిందని ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే చాన్నాళ్ళు నాకూ తట్టలేదు.

మామయ్యగారు అన్నం తిన్నారా

కనుబొమ చిట్లిన తర్వాత తల్లులు నా మీదికి వచ్చారు. వాడొస్తే మా పిల్లల్ని పంపం అన్నారు. అది వాడి తండ్రి శ్రీను చెవిన పడింది. తెనాలిలో చిన్నపిల్లల్ని కూడా ఉంచుకునే ఒక హాస్టలు బడి ఉందని ఎవరో చెబితే వెళ్ళి సీటు మాట్లాడి వచ్చాడు. వేసవి సెలవులు అవగానే అక్కడ చేర్పించడం. పిల్లవాడికి ఇంకా ఆరో ఏడు కూడా రాలేదు. రాత్రి పక్క తడిపే వయసు.

తులసిని చూసి వద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. ఆ అమ్మాయిది కారంచేడు వైపు. నెమ్మదస్తురాలు, పని మంచిది. పిల్లవాడు వీధిలోంచి లోపలికి వచ్చాడు. పీట మీద కూర్చున్న తులసి చప్పున లేచి నిలబడింది.

"ఎందుకమ్మా లేచావు?" అన్నాను.

"అలవాటండీ," అని సిగ్గుపడింది. "మా మామయ్యగారే వచ్చారనుకుంటానండీ. పెద్దాయన వచ్చినప్పుడు కూర్చుని ఎరగను."

అప్పుడు ఒక్కో సంగతీ నాకు అర్థమవసాగింది. ఆ ఇంట్లో పిల్లవాడి పేరు పలికేవాళ్ళు ఎవరూ లేరు. తులసికి అది మామగారి పేరు. నోటితో అనకూడదు. ఎంత పట్టింపంటే ఆ అమ్మాయి పున్నమి అని కూడా అనేది కాదు, నిండు చందమామ రోజు అనేది. నాయనమ్మ రత్తమ్మగారికి అది భర్త పేరు. పెళ్ళయిన దగ్గర నుంచీ ఒక్కసారి పలకలేదు. శ్రీనుకి తండ్రి పేరు గనక ఊరికే నాన్నా అని పిలిచేవాడు. తులసి మాత్రం మామయ్యగారు అన్నం తిన్నారా, మామయ్యగారు స్నానానికి రండి అని కన్నకొడుకుతో పరాయి పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడేది. ముందు వాడికి వడ్డించి తర్వాతే మొగుడికి వడ్డించేది.

పళ్ళెం విసరడం ఎప్పటి నుంచి అని అడిగాను. తులసి అత్తగారి వంక చూసింది. రత్తమ్మగారే చెప్పారు. పెద్దాయన కూరలో ఉప్పు తగ్గితే పళ్ళెం వాకిట్లోకి విసిరేవారట. మనవడు నడక వచ్చిన కొత్తల్లో ఒకరోజు బువ్వ గిన్నె తోసేశాడట. అది చూసి ఆవిడకు ఏడుపు ఆగలేదట.

"ఆయనే వచ్చాడనుకున్నానమ్మా. వాణ్ణి ఎత్తుకుని వీధంతా తిరిగాను. అందరికీ బెల్లం పంచాను."

ఆవిడను తప్పు పట్టలేకపోయాను. పోయిన మనిషి గురుతు దొరికితే ఎవరు మాత్రం వదులుకుంటారు? కానీ బెల్లం రుచి పిల్లవాడికి తెలిసింది. గిన్నె తోస్తే ఇంటిల్లిపాదీ మురుస్తారని వాడు ఆ రోజే నేర్చుకున్నాడు. ఆ తర్వాత రోజులు గడిచే కొద్దీ మురిపెం పోయి భయం మిగిలింది. వాడికి మాత్రం మొదటి పాఠమే గుర్తుంది.

"హాస్టలుకి పంపడం నీకు ఇష్టమేనా తులసీ?" అని అడిగాను.

చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన్ని నేనేం అదుపు చేస్తానండీ," అంది, కొడుకు గురించే. కాసేపటికి, "రాత్రుళ్ళు నా చెయ్యి పట్టుకుంటే గానీ నిద్రపోడండీ. అక్కడ ఎవరి చెయ్యి పట్టుకుంటాడు?" అంది.

సరోజినీ మేడం అడిగిన ప్రశ్న

అధికారుల గురించి చెప్పమంటే నేను చెప్పేది సరోజినీ మేడం గురించే. బాపట్ల నుంచి వచ్చే సూపర్‌వైజరు. మిగతావాళ్ళు రాగానే బీరువా తాళం అడిగేవారు. ఆవిడ చెప్పులు విప్పి పిల్లల వరసలో కూర్చుని, వాళ్ళు తినేదే తినేవారు. నోరు కాస్త పదును. తప్పు చేస్తే ముఖం మీదే అనేసేవారు. కానీ అన్న మాటను సాయంత్రానికి మరిచిపోయేవారు. ఈ రెండూ ఉన్న అధికారి దొరికితే అదృష్టం అనుకోండి.

ఆ నెల ఆవిడ వచ్చినప్పుడు నా బాధంతా చెప్పుకున్నాను. వీడు అచ్చం వాళ్ళ తాతేనండీ, ఏం చెయ్యాలో తోచడం లేదు అన్నాను.

"స్తోత్రమ్మగారూ, మీరు వాళ్ళ తాతని చూస్తున్నారా, పిల్లవాణ్ణి చూస్తున్నారా?" అన్నారు.

ఆ తర్వాత కాలవగట్టు వాణ్ణి చాలాసేపు గమనించారు. పోయేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, ఇంట్లో వాడి పేరు పెట్టి ఎవరు పిలుస్తారని అడిగారు. ఎవరూ పిలవరని చెప్పాను. మరి వాడు తన పేరు ఎక్కడ వింటాడని అడిగారు. ఇక్కడ, వీధిలో అన్నాను.

"ఎప్పుడు?"

ఆలోచించి చూసుకుంటే నాకే ఆశ్చర్యం వేసింది. వాడు ఎవరినైనా కొట్టినప్పుడు వినేవాడు. పళ్ళెం విసిరినప్పుడు వినేవాడు. ఊరంతా పున్నయ్యా అని అరిచేది అప్పుడే.

"మరింకేం," అన్నారు ఆవిడ. "పేరు వినాలనిపించినప్పుడల్లా ఆ పిల్లాడు ఏం చెయ్యాలో వాడికి బాగానే తెలుసు."

ఆ మర్నాటి నుంచి వాడు చాప మీద కూర్చుంటే పిలిచాను. నీళ్ళు తాగితే పిలిచాను. ఊరికే కిటికీలోంచి చూస్తున్నా పున్నయ్యా, ఏంటి చూస్తున్నావు అని పిలిచాను. మొదట్లో అనుమానంగా చూసేవాడు, తిడతానేమో అని. తర్వాత తర్వాత దగ్గరికి వచ్చి నిలబడేవాడు. ఆయా కూడా అలాగే పిలిచేది. దగ్గరికి రావడం మొదలైంది గానీ పళ్ళేలు మాత్రం ఆగలేదు. మేము పగటి పూట కాసేపు ఉండే మనుషులం. వాడికి కావలసింది ఇంట్లో పిలుపు. వేసవి దగ్గర పడుతోంది.

ప్రార్థనలో ఆ పిల్లవాడి పేరు పెట్టుకున్నాను. ప్రభువా, వాళ్ళమ్మ నోట ఈ పేరు పలికించు అని అడిగాను. ఇంత చిన్న కోరికతో దేవుణ్ణి విసిగించవచ్చా అనిపించింది కూడా. ఆయన విసుక్కోలేదు.

తల్లుల సమావేశం

ఆ నెల తల్లుల సమావేశంలో ఆకుకూరల గురించి చెప్పాల్సింది. అది కాస్త త్వరగా ముగించి, మీ పిల్లల పేర్లు ఎవరివి, ఆ మనుషులు ఎలాంటివాళ్ళో చెప్పండి అని అడిగాను. రత్తమ్మగారిని కూడా రమ్మని పిలిచాను. గోడకు ఆనుకుని కూర్చున్నారు.

ఒకావిడ సీరియల్లో పిల్ల పేరు పెట్టానంది. ఆ పిల్ల తర్వాత ఏమైందక్కా అని పక్కావిడ అడిగితే, చచ్చిపోయింది, మళ్ళీ బతికింది, ఇప్పుడు అత్తగా చేస్తోంది అని చెప్పింది. అందరూ నవ్వారు. తర్వాత సుభద్ర వంతు వచ్చింది.

సుభద్ర వాళ్ళ నాన్న గురించి చెప్పింది. చిన్నప్పుడు కాలికి తుమ్మముల్లు దిగితే ఆయన పొలం పని ఆపి, అరికాలు తన ఒళ్ళో పెట్టుకుని, నొప్పి తెలియకుండా ఊదుతూ ఊదుతూ తీసేవారట. తను అత్తారింటికి వెళ్ళిన రోజు గడ్డివాము వెనక్కి వెళ్ళి ఏడ్చారట. అత్తారిల్లు ఊళ్ళోనే. నాలుగు వీధులు దాటితే చాలు. అయినా ఏడ్చారట.

"మా వాడికి రోజూ ఇదే చెబుతాను. నీ పేరు గల మనిషి ఇట్టా ఉండేవాడురా అని."

తులసి తలెత్తి చూసింది. ఆ కళ్ళలో ఉన్నది నమ్మకపోవడం. ఆ పున్నయ్యగారిని తను ఎప్పుడూ చూడలేదు. అది సుభద్ర గమనించింది.

"ఏంటి తులసీ అట్టా చూస్తావు? మా నాన్నని మీ ఇంట్లో దయ్యాన్ని చేసి కూర్చోబెట్టారు గదా."

"నేనేం చేశాను వదినా? పళ్ళెం వాకిట్లో పడితే ఎత్తి కడిగింది నేనే గదా," అంది తులసి. మెల్లగానే అంది. కానీ ఆ ఇంట్లోకి వచ్చాక అంత మాట ఎదురు చెప్పడం అదే మొదలు.

సుభద్ర వాళ్ళమ్మ వంక తిరిగింది. పళ్ళేల సంగతి కూతురికి పెద్దగా తెలియదని అప్పుడు మాకర్థమైంది. కూతురు ఇంట్లో ఉన్నంత కాలం ఆయన విసిరేవారు కాదేమో, ఆ పిల్ల ముందు విసిరేవారు కాదేమో. రత్తమ్మగారు కళ్ళు దించుకున్నారు.

తులసి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, ఎవరితో అంటున్నదీ తెలియకుండా మళ్ళీ అంది. "నాకు నెల తప్పినప్పుడు ముంజెలు తినాలనిపించింది. నేను ఎవరికీ చెప్పలా. మర్నాడు వంటింటి గడప దగ్గర ఆకులో చుట్టి ముంజెలున్నయ్. మామయ్యగారు పెరట్లో ఊరికే దగ్గుతున్నారు. ఆయనే తెచ్చారని అప్పుడే తెలుసు. ఎప్పుడూ ఎవరికీ చెప్పలా."

సుభద్ర లేచి వెళ్ళి తులసి పక్కన కూర్చుంది. ఒకే మనిషికి చెందిన రెండు సగాలు ఆ రోజు ఒక చోటికి వచ్చినట్టు అనిపించింది నాకు.

పళ్ళెం

అంతలో పక్క గదిలో పిల్లలకు అన్నాలు వడ్డించారు. పప్పు వేడిగా ఉందనో ఏమో, పళ్ళెం గోడకు తగిలిన చప్పుడైంది. అందరం గుమ్మంలోకి వచ్చాం. కాలవగట్టు పున్నయ్య మెతుకుల మధ్య నిలబడి ఉన్నాడు. ఎవరు అరుస్తారా అని ఒక్కొక్కరి ముఖం చూస్తున్నాడు. పప్పు చిందిన పిల్ల ఏడుస్తోంది.

ఎవరూ అరవలేదు. అందరూ తులసి వంక చూశారు. తులసి నోరు తెరిచింది, మూసుకుంది. మామయ్యగారు అనబోయి ఆగినట్టు ఉంది. ఇంతమంది ఆడవాళ్ళ ఎదుట, అత్తగారి ఎదుట, ఆ అమ్మాయికి ఆ పేరు నోటికి రాలేదు. నేను మనసులో ప్రార్థన చేసుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేకపోయాను.

వెనక నుంచి రత్తమ్మగారు అన్నారు.

"పిలువమ్మా. నేనెట్టాగూ పిలవలేను. నువ్వన్నా పిలువు."

తులసి ఒక్కసారి అత్తగారి వంక తిరిగి చూసింది. మళ్ళీ కొడుకు వంక తిరిగింది.

"పున్నయ్యా."

గట్టిగా రాలేదు మాట. వాడు ముందు నా వంక చూశాడు, నేనే పిలిచానేమో అని. తర్వాత ఆయా వంక చూశాడు. చివరికి వాళ్ళమ్మ దగ్గర ఆగాడు.

"పున్నయ్యా, ఇట్టా రా నాన్నా. అన్నం అట్టా పారెయ్యకూడదు. రా, ఇద్దరం ఎత్తుదాం."

వాడు వచ్చాడు. వాళ్ళమ్మ చీర అంచు పట్టుకుని నిలబడ్డాడు, చాలాసేపు. తర్వాత ఆమె కింద కూర్చుని మెతుకులు ఏరుతుంటే వాడూ కూర్చుని ఏరాడు. రైసుమిల్లు వాడు కూడా వచ్చి ఏరాడు. పప్పు పడ్డ పిల్ల ఏడుపు ఆపి వీళ్ళను చూస్తోంది.

నా ఉద్యోగంలో ధైర్యవంతులైన ఆడవాళ్ళను చాలామందిని చూశాను. తుపానులో పిల్లల్ని వీపున కట్టుకుని నడిచిన జాలరి తల్లులను చూశాను. వాళ్ళ పక్కన తులసిని నిలబెట్టడానికి నేను వెనకాడను. పలికితే పాపమని పెళ్ళయినప్పటి నుంచి అనుకున్న మాటను, బిడ్డ కోసం అందరి ఎదుటా నోటితో పలకడం చిన్న సంగతి కాదు.

ఇక నీ ప్రశ్న

అమ్మాయీ, నువ్వడిగిన దానికి నాకు తోచింది ఇంతే. నీ బిడ్డకు ఏ పేరైనా పెట్టుకో. దాని వెనక ఉన్న మనిషిని గురించి బిడ్డకు మంచీ చెడూ రెండూ చెప్పు. ఒక్కటే చెప్పావంటే బిడ్డ ఆ ఒక్కటే అవడానికి చూస్తుంది. ఇంట్లో రోజుకు ఒక్కసారైనా, ఏ తప్పూ చెయ్యని వేళ, ఊరికే పేరు పెట్టి పిలువు. అక్షరాల లెక్క చెప్పే ఆయనకు ఈ పని చేతకాదు. ఇది ఇంట్లోవాళ్ళు చెయ్యాల్సిందే.

ఒక్క మధ్యాహ్నంతో కాలవగట్టు పున్నయ్య మారిపోయాడని చెబితే నమ్మకండి. ఇప్పటికీ వాడికి కోపం తొందరే. తొమ్మిదో తరగతిలో ఇంకో పిల్లవాడి క్రికెట్ బ్యాటు విరగ్గొట్టాడని విన్నాను. కానీ విరగ్గొట్టి, సాయంత్రం ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళి తన బ్యాటు ఇచ్చి వచ్చాడట. వాళ్ళ తాత కూడా ముంజెలు గడప దగ్గరే పెట్టారు గదా అనుకున్నాను.

హాస్టలు మాట ఆ సాయంత్రంతోనే పోయింది. శ్రీను బండి తుడుస్తుంటే రత్తమ్మగారు, తెనాలి ఎందుకురా, వాళ్ళమ్మ పిలుస్తోందిగా అన్నారట. శ్రీను చేతిలో గుడ్డ అక్కడే పెట్టాడట. లోపలికి వెళ్ళి కొడుకు పక్కన కూర్చుని అన్నం తిన్నాడట.

ఆ తర్వాత రోజూ పొద్దుగూకే వేళ తులసి కాలవగట్టు మీద నిలబడి పిలిచేది. మొదట్లో పక్కింటికి వినపడేంత. పోను పోను కాలవ అవతల చేలల్లో ఉన్నవాళ్ళకు కూడా వినపడేంత. ఆ వేళకు రత్తమ్మగారు వచ్చి అరుగు మీద కూర్చునేవారు. మనవడి కోసం ఎదురుచూస్తున్నారనుకునేదాన్ని. ఒకరోజు పిల్లవాడు అప్పటికే ఇంట్లోకి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. అయినా ఆవిడ కోడలి వంక తిరిగి, వచ్చాడులే గానీ, ఇంకొక్కసారి పిలువమ్మా అన్నారు. తులసి పిలిచింది. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు.